ఎడమచేతి గచ్చు

ఎడారి మధ్య ఉన్న మా లోయకి కొత్తగా వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే. "రాళ్ళు తప్ప ఏమీ లేవు కదయ్యా ఇక్కడ, మీకింత డబ్బు ఎక్కణ్ణించి వచ్చింది?" ఉత్తరాన ఏ ఊరికి వెళ్ళినా కిరాణా కొట్టు మాదే, బట్టల కొట్టు మాదే, ఇనప సామాను కొట్టూ మాదే అయ్యేసరికి వాళ్ళకి కడుపుమంట. ఏ కొండ కిందో నిధి దొరికిందంటారు కొందరు. పిసినారి సన్నాసులు, తినక కూడబెట్టారంటారు ఇంకొందరు. అనుకోనీ, మాకేం పోయింది? అలా అడిగినవాణ్ణి రెక్క పట్టుకుని మా గర్దాయా ఊరి ఖర్జూరపు తోటల్లోకి లాక్కెళ్ళి ఒక తూము ముందు నిలబెట్టాలి. ఆ తూము సంగతి తెలియాలంటే మాత్రం బాస్లిమాన్ సంగతి తెలియాలి.

బాస్లిమాన్ తాపీ మేస్త్రీ. మనిషి పొట్టి, గొంతు పెద్దది. అతను వీధి చివర సలాం చెబితే ఇళ్ళలో ఆడవాళ్ళు పొయ్యి మీది టీ కెటిల్ దించి మేలిముసుగు సర్దుకునేవాళ్ళు. పెద్ద ఆస్తిపరుడేం కాదు. ఒక ఇల్లు, తండ్రి ఇచ్చిపోయిన ఒక తోట, సెత్తీ అనే గడుసు భార్య, బకీర్ అనే ఒక్కగానొక్క కొడుకు, అంతే. కానీ ఊళ్ళో బాస్లిమాన్‌కి ఒక హోదా ఉండేది. అతను ఏటి అమీను, అంటే ఏటి నీళ్ళ వాటాలు కొలిచే పెద్దల్లో ఒకడు. దానికి జీతం లేదు, భత్యం లేదు, తిట్లు మాత్రం కావలసినన్ని ఉంటాయి. అయినా ఆ పని కోసం ఎంత ధనవంతుడైనా ఆశపడతాడు. దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం మాత్రం కుదరదు, మసీదు పెద్దలే మనిషిని చూసి ఎంచుతారు.

మా ఏరు మామూలు ఏరు కాదు. రాదు. వచ్చిందా, ఒక్క పూటలో కొండల మీంచి విరుచుకుపడి ఇసకలో కలిసిపోతుంది. మళ్ళీ ఎన్నాళ్ళకో, ఎన్నేళ్ళకో దాని దర్శనం. ఆ ఒక్క పూటలో పై తోట నుంచి కింది తోట దాకా అందరికీ వాటా అందాలి. నీళ్ళు వచ్చాక పంచుకుందామని కూర్చుంటే కత్తులు దూసుకోవడం ఖాయం. అందుకే మా ముత్తాతల ముత్తాతలు నీళ్ళు రాకముందే పంచేశారు. కాలవ గట్టున ప్రతి తోటకీ ఒక రాతి తూము పెట్టారు. ఎన్ని చెట్లుంటే అంత వెడల్పు. చెట్టు చస్తే తూము ఇరుకు చెయ్యాలి, కొత్తది కాపుకొస్తే వెడల్పు చెయ్యాలి. ఏరు వచ్చిపోయిన ప్రతిసారీ అమీనులు తోట తోటా తిరిగి చెట్లు చూసి, తూములు కొలిచి, తేడా ఉంటే మళ్ళీ ఏరు వచ్చేలోగా రాయీ గచ్చూ పెట్టి సరిచేయిస్తారు. వరద వచ్చినప్పుడు ఒక్కడు కూడా తూము దగ్గర కాపలా ఉండడు. అందరూ మిద్దెలెక్కి చూస్తూ సంబరపడతారు. పక్కవాడి మీద నమ్మకమని కాదు, రాయి మీద నమ్మకం. ఆ రాయిని కొలిచేవాడి మీద నమ్మకం.

బాస్లిమాన్ తండ్రి నూహ్ కూడా తాపీ మేస్త్రీయే, ఏటి అమీనే. నిప్పులాంటి మనిషని పేరు. ఎడమచేతి వాటం. మా దగ్గర గచ్చు పూయడానికి తాపీ వాడరు. కాయలు దులిపేసిన ఖర్జూరపు గెలని చేత పట్టుకుని, గచ్చు ఆరేలోగా గోడ మీద ఈడుస్తారు. ఆ ఈనెల చారలు గోడ మీద అలాగే ఉండిపోతాయి. ఊరందరి చారలూ కుడి నుంచి ఎడమకి వాలి ఉంటే, నూహ్ చారలు దానికి ఎదురుగా, అటునుంచి ఇటు వాలేవి. చిన్నప్పుడు బాస్లిమాన్ వీధుల్లో నడుస్తూ "ఇది మా నాన్న గోడ, ఇది కాదు" అని చూపించేవాడట. ఆ పేరు చెప్పుకునే బతికాడు, ఆ పేరు వల్లే అమీనయ్యాడు. తన తోటలో రెండు చెట్లు తెగులు తగిలి చచ్చిపోతే, ఎవరూ అడక్కముందే మొట్టమొదట తన తూమునే ఇరుకు చేసుకున్నాడు. దాన్ని అందరికీ చెప్పుకున్నాడు కూడా. ఆ విషయంలో వినయం అన్నది అతనికి లేదు.

మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, ఒక వసంతకాలంలో ఏరు వచ్చిపోయింది. మర్నాడు హమ్మూ వచ్చి బాస్లిమాన్ గుమ్మం ముందు చతికిలబడ్డాడు. హమ్మూ మాంసం కొట్టు నడుపుతాడు, కాలవ దిగువన తోట ఉంది. బాస్లిమాన్‌కి చిన్ననాటి స్నేహితుడు.

"ఏరా అమీనూ, నా చెట్ల మొదళ్ళు తడిశాయో లేదో నువ్వే వచ్చి చూడరా. నా కంటి నీళ్ళు పోసినా ఇంతకంటే ఎక్కువ తడుస్తాయి."

"నీ తోట పల్లంలో లేదు కదా, నీళ్ళు ఎక్కడం ఆలస్యమవుతుంది."

"పల్లమూ లేదు, మెట్టా లేదు. పైన ఎవడో తాగేస్తున్నాడు. మా నాన్న హయాం నుంచీ ఇదే గోల. అప్పుడు మీ నాన్నకి చెప్పుకున్నాం, ఇప్పుడు నీకు చెప్పుకుంటున్నాం. రేపు నా కొడుకు నీ కొడుక్కి చెప్పుకోవాలా?"

బాస్లిమాన్‌కి ఒళ్ళు మండింది. మర్నాడే మిగతా అమీనులతో కలిసి పైనుంచి కొలుచుకుంటూ వచ్చాడు. హమ్మూ తోటకి సరిగ్గా ఎగువన బల్హాజ్ తోట. అక్కడ కొలకర్ర పెట్టేసరికి తూము నాలుగు వేళ్ళ వెడల్పు ఎక్కువ తేలింది. మళ్ళీ చెట్లు లెక్కపెట్టారు. మళ్ళీ కొలిచారు. నాలుగు వేళ్ళు ఎక్కువే. తూము అంచుల నిండా వరద మట్టి అట్టకట్టి ఉంది, దాని కింద ఏళ్ళ తరబడి కొట్టిన సున్నం. బాస్లిమాన్ చూడవలసిన కొలత చూశాడు. ఆ పని ఎవరి చెయ్యో మాత్రం చూడలేదు.

బల్హాజ్ అంటే ఎవరో చెప్పాలి. సెతీఫ్ పట్నంలో టోకు వర్తకుడు, మా వాళ్ళలో ఆయన దగ్గర సరుకు తెచ్చుకోని కొట్టు లేదు. తండ్రి పోతే తల్లి బాయా ఒంటిచేత్తో పెంచింది. ఆ తోటలో కాయలమ్మిన డబ్బుతో పన్నెండేళ్ళ వయసులో ఉత్తరానికి పంపింది. ఆయన కొట్టులో చేరితే ఇక ఆ పిల్లవాడి జీవితం గట్టెక్కినట్టే అనుకునేవాళ్ళు. బాస్లిమాన్ కొడుకు బకీర్ ఆ కొట్లోనే పని నేర్చుకుంటున్నాడు. మరో ఏడాదికి వాటాదారు అవుతాడని సెత్తీ అప్పుడే చుట్టుపక్కల అమ్మలక్కల దగ్గర కోతలు కోస్తోంది.

బల్హాజ్ ఆ రోజుల్లో ఊళ్ళోనే ఉన్నాడు. పిలిపించారు. తెల్లటి బుర్నూసు అంగీ భుజాల మీద సర్దుకుంటూ వచ్చి తూము ముందు నిలబడ్డాడు.

"హాజీ గారూ, ఈ తూము ఎవరు వెడల్పు చేశారు?" అని అడిగాడు బాస్లిమాన్. కొడుకు ఆయన కొట్లో ఉన్నాడన్న సంగతి గొంతులో ఎక్కడా తగలనివ్వలేదు.

బల్హాజ్ తూముకేసి చూశాడు. బాస్లిమాన్‌కేసి చూశాడు. "కొలత తప్పితే సరిచెయ్యండి," అన్నాడు.

"అది చేస్తాం. ఎవరు చేశారని అడుగుతున్నాను. మీరు చేయించారా?"

"చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు తమ్ముడూ."

"కాదని ఒక్క మాట అనండి, చాలు. మీ మాట నమ్ముతాం."

బల్హాజ్ నోరు మెదపలేదు. మా దగ్గర అడిగినదానికి కాదనలేదంటే ఒప్పుకున్నట్టే లెక్క. ఆ శుక్రవారం నమాజు అయ్యాక మసీదు పెద్ద షేక్ యాహ్యా లేచి, ఊరి నీళ్ళు కాజేసినందుకు బల్హాజ్‌ని వెలి వేశామని ప్రకటించాడు. తప్పు ఒప్పుకుని మసీదులో నిలబడి క్షమాపణ చెప్పుకునేదాకా ఆయనతో సలాం లేదు, మాట లేదు, బేరం లేదు.

వెలి అంటే ఏమిటో మా వాళ్ళకి చెప్పక్కర్లేదు. తిట్టరు, కొట్టరు, జరిమానా వెయ్యరు. ఊరు ఊరంతా ఆయన అక్కడ లేనట్టు నడుస్తుంది, అంతే. మంగలి కత్తి ముడిచి లోపల పెట్టేస్తాడు. రొట్టెల పొయ్యి దగ్గర ఆయన ఇంటి పిండి పళ్ళెం పక్కకి జరిగి అలాగే ఉండిపోతుంది. ఆ సంగతి గర్దాయాలో ఆగదు. ఒహరాన్ నుంచి కాన్‌స్టంటీన్ దాకా మా వాళ్ళ కొట్లన్నిటికీ వారం తిరక్కుండా చేరిపోతుంది. అప్పటిదాకా ఒక్క మాట మీద బండ్లకి బండ్లు సరుకు ఎత్తుకెళ్ళినవాళ్ళు ఆయన గుమ్మం తొక్కడం మానేశారు. రాసుకోకుండా, సంతకం లేకుండా, నోటిమాట మీద ఇంత వర్తకం ఎలా చేస్తారని మమ్మల్ని చూసి ఆశ్చర్యపోతారు కదా. ఇదిగో, ఇలా చేస్తాం. మాట తప్పినవాడికి మాలో నిలవనీడ ఉండదు, అందుకే మాట మీద సరుకిస్తాం. నాలుగు వేళ్ళ తూము కోసం సెతీఫ్‌లో గోదాము మూతపడింది. ఇలాంటిది ఇంకెక్కడైనా ఉందేమో ఎవరైనా చూపించమనండి!

వెలి పడ్డవాడి దగ్గర పని చెయ్యకూడదు గనక బకీర్ మూటాముల్లె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. తండ్రి చేతికి ముద్దు పెట్టి, మర్నాటి నుంచి గచ్చుకి రాయి కాల్చే బట్టీ దగ్గర పనికి వెళ్ళాడు. సెత్తీ మాత్రం ఊరుకునే రకం కాదు.

"ఊళ్ళో ఇన్ని తూములుండగా మీకు ఆ తూమే దొరికిందా? పిల్లవాడి అన్నం మీద గచ్చు పోశారు కదండీ!"

"నా కొడుకు తింటున్నాడని నేను కొలత మార్చనా? అలా మారిస్తే మా నాన్న గోరీలోంచి లేచి వచ్చి నా చెంప పగలగొడతాడు."

"ఆ, వస్తాడు, వస్తాడు. మాటకి ముందు నాన్న, వెనక నాన్న. ఆయన కాలంలో ఆ తూము ఎలా ఉందో ఆయన్నే అడగాల్సింది."

కోపంలో అన్న మాట అది. బాస్లిమాన్ పట్టించుకోలేదు. ఆ వేసవంతా రొమ్ము విరుచుకుని తిరిగాడు. టోకు వర్తకుణ్ణి కూడా వదల్లేదని నలుగురూ అంటుంటే మీసం మెలేశాడు. బల్హాజ్ మాత్రం తోటలోని వేసవి ఇంట్లో ఒక్కడే ఉండి చెట్లకి బావి నీళ్ళు తోడి పోసుకునేవాడు. మసీదుకి వచ్చేవాడు, చివరి వరసలో నిలబడేవాడు, వెళ్ళిపోయేవాడు. క్షమాపణా అడగడు, సంజాయిషీ చెప్పడు. చివరికి హమ్మూకే మనసు ఆగలేదు. "ఒరేయ్, ఆయన ఒక్క మాట చెబితే అయిపోయేదానికి ఈ మొండితనం ఏమిట్రా? నా మాంసం కొట్టు ముందు నుంచి వెళ్తుంటే నాకే తల దించుకోవాలనిపిస్తోంది," అన్నాడు.

శరత్కాలం వచ్చింది. ఉత్తరపు కొండల మీద మబ్బులు కనిపిస్తున్నాయి. ఏరు వచ్చేలోగా బల్హాజ్ తూము ఇరుకు చెయ్యాలి. ఒక ఉదయం బాస్లిమాన్ సుత్తీ ఉలీ గచ్చు బస్తా తీసుకుని ఒక్కడే వెళ్ళాడు. మట్టి గీకాడు. పైనున్న సున్నం పొరలు ఒక్కొక్కటీ రాల్చాడు. ఎడమ పక్క అంచు బయటపడింది. పాత రాయి అంచుని ఎవరో ఉలితో నాలుగు వేళ్ళ మేర చెక్కేశారు. చెక్కిన చోట గచ్చు పూశారు. ఆ గచ్చు మీద గెల ఈడ్చిన చారలు అటునుంచి ఇటు వాలి ఉన్నాయి.

బాస్లిమాన్ చేతిలో ఉలి అలాగే ఆగిపోయింది. వేళ్ళతో ఆ చారల్ని తడిమాడు. ఎండ పడేలా పక్కకి జరిగి మళ్ళీ చూశాడు. అక్కర్లేదు, చిన్నప్పుడు ప్రతి వీధిలో చూపుడు వేలితో చూపించిన చారలు అవి. కళ్ళు మూసుకున్నా పోల్చుకోగలడు. నూహ్ చెయ్యి అది. నిప్పులాంటి మనిషి చెయ్యి.

కాలవలో కూలబడిపోయాడు. నాన్న లంచం తిన్నాడా? ఆ మాట మనసులోకి రాగానే తన నోరు తానే మూసుకున్నాడు. అప్పుడు బల్హాజ్ తండ్రి లేని పసివాడు. ఆ ఇంట్లో లంచం ఇవ్వడానికి కూడా ఏముంది? బాయా ఒంటరి ఆడది, చెట్లు మెట్ట మీద, కాయ నిలవడం లేదు. అప్పుడు ఊళ్ళో అందరూ అనుకునేవాళ్ళట, బాయా పిల్లవాణ్ణి ఎలా సాకుతుందో పాపం అని. అది చూసి నాన్న జాలిపడ్డాడు. నలుగురిలో చందా వేసి ఇప్పించాల్సింది పోయి, హమ్మూ వాళ్ళ నీళ్ళు చడీచప్పుడు లేకుండా తీసి ఇచ్చాడు. తన సొంతం కానిది దానం చేశాడు. హమ్మూ తండ్రి వచ్చి మొత్తుకుంటే ఏ మొహం పెట్టుకుని విన్నాడో! ఆ వరస తూములు ఎప్పుడూ నాన్నే కొలిచేవాడు, ఆయన పోయాక ఆ నిప్పులాంటి మనిషి కొలతని తిరగదోడాలని ఎవరికీ తోచలేదు.

మరి బల్హాజ్? ఆయనకి తెలుసా?

లేచి గోడ దాటి తోటలోకి వెళ్ళాడు. బల్హాజ్ చెట్టు మొదట్లో పాదు తవ్వుతున్నాడు. అలికిడికి తలెత్తి చూశాడు. బాస్లిమాన్ చేతుల నిండా పాత గచ్చు పొడి. మొహం పాలిపోయి ఉంది. బల్హాజ్‌కి చెప్పకుండానే అంతా అర్థమైపోయింది. బాస్లిమాన్ నోరు తెరవబోయాడు. బల్హాజ్ గబుక్కున వేలు తన పెదాల మీద పెట్టుకున్నాడు. వెలి పడ్డవాడితో మాట్లాడితే అమీను కూడా వెలి పడతాడు. వేలు అలాగే ఉంచి, రెండో చేత్తో గేటుకేసి చూపించాడు, వెళ్ళు అన్నట్టు. తరవాత వీపు తిప్పి పాదు తవ్వుకోసాగాడు.

బాస్లిమాన్ బయటికి వచ్చి గోడకి జేరగిలబడి ఏడ్చాడు. ఆయనకి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. తన తండ్రి పేరు మసీదులో నలుగురి నోళ్ళలో పడకూడదని ఆ మహానుభావుడు తన పేరు, తన గోదాము, తన గౌరవం అన్నీ అక్కడ పారబోసుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చి సెత్తీకి చెప్పాడు. ఆమె కూస్కూసు పళ్ళెం ముందు పెట్టి, తనూ ముట్టుకోకుండా కూర్చుంది.

"ఎవరికి చెప్పారు?"

"నీకే."

"అయితే ఇంకెవరికీ చెప్పకండి," అంది నెమ్మదిగా. "ఆ గచ్చు కొట్టేయండి. కొత్తది పూసేయండి. ఆయనే తెలిసి నోరు మూసుకున్నాడు కదా, మధ్యలో మీకెందుకు? చచ్చిపోయినాయన్ని బజారుకీడుస్తారా? రేపు బకీర్‌కి పిల్లనెవరిస్తారు? మీ అమీను పని ఉంటుందా?"

"ఉండదు."

"మరి?"

"సెత్తీ, నేను ఒక తప్పు లేనివాణ్ణి వెలి వేయించాను. తప్పు చేసింది మా నాన్న. నేను గచ్చు పూసేస్తే దాని కింద రెండు తప్పులుంటాయి."

సెత్తీ పళ్ళెం అతని దగ్గరికి జరిపింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత లేచి గూట్లోంచి ఉతికిన బుర్నూసు తీసి అతని పక్కన పెట్టింది. "మసీదుకి మాసిన బట్టలతో వెళ్ళకండి. తినండి ముందు," అంది.

శుక్రవారం నమాజు అయ్యాక, షేక్ యాహ్యా లేవకముందే బాస్లిమాన్ లేచాడు. ఊళ్ళో అందరికంటే పెద్ద గొంతు ఉన్నవాడికి ఆ పూట గొంతు పెగల్లేదు. రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాడు. మూడోసారికి బయటికి వచ్చింది.

"పెద్దలారా, బల్హాజ్ హాజీ తూము ఆయన వెడల్పు చెయ్యలేదు. మా నాన్న నూహ్ చేశాడు. అది ఆయన చెయ్యే, నేను చూశాను. కొలత చూసి చెయ్యి చూడకుండా నేను తీర్పు చెప్పాను. తప్పు లేని మనిషికి నా వల్ల శిక్ష పడింది. దేవుడి ముందూ మీ ముందూ క్షమాపణ అడుగుతున్నాను. వెలి ఆయన మీంచి తీసి నా మీద వెయ్యండి. అమీను పని ఇవాళ్టి నుంచి నాకొద్దు."

షేక్ యాహ్యా చివరి వరసకేసి తిరిగాడు.

"బల్హాజ్, వెలి తీసేశాను. ఇప్పుడు మాట్లాడు. నీకిది తెలుసా?"

బల్హాజ్ లేచాడు. ఎన్ని నెలల తరవాతో మాట్లాడుతున్నాడు, మాట బొంగురుగా వచ్చింది.

"తెలుసు. మా అమ్మ పోయేముందు చెప్పింది. నూహ్ గారు చేసింది తప్పే, కానీ ఆ తప్పుతోనే నువ్వు బతికావురా, ఆయన పేరు నీ నోటి వెంట రానివ్వకు, అంది. అమ్మకి మాటిచ్చాను. అయితే నేను తప్పు లేనివాణ్ణి కాదు. అమ్మ పోయిన రోజునే ఆ నాలుగు వేళ్ళూ మూసేయించాల్సింది. అప్పటికి నాకు నీళ్ళకి లోటు లేదు. మూయిస్తే ఎందుకని అడుగుతారు, పేరు బయటికొస్తుంది అని సాకు చెప్పుకున్నాను. అందుకే వెలి వేసినప్పుడు నాకు అన్యాయం జరిగిందనిపించలేదు."

ఏ తప్పుకి ఎవరి శిక్ష అని పెద్దలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి బాస్లిమానే అన్నాడు, ఈసారి ఏరు వచ్చినప్పుడు బల్హాజ్ తోటకి పైనే ఉన్న తన తూము పూర్తిగా మూసేస్తానని, తండ్రి తీసుకున్నది దిగువకి వెళ్ళాలని. వెంటనే బల్హాజ్ కూడా "నాదీ," అన్నాడు. ఆ శిక్ష చాలన్నట్టు షేక్ యాహ్యా తలూపాడు. అమీను పని సంగతి ఏం చేద్దామని అడిగాడు.

అప్పటిదాకా నోరు అదిమిపట్టుకుని కూర్చున్న హమ్మూ లేచాడు. నష్టపోయినవాడు అతనే గనక అందరూ అతనికేసి తిరిగారు.

"వీణ్ణి తీసేస్తారా? తీసేసి ఎవణ్ణి పెడతారయ్యా? కన్నతండ్రి మీదే వేలెత్తి చూపినవాడు వీడు, రేపు నా తూములో గడ్డిపోచంత తేడా వస్తే వదుల్తాడా? నాకు వీడంటేనే భయం. ఆ భయం ఉండాలి. వీడే ఉండాలి!"

షేక్ యాహ్యా గడ్డం చాటున నవ్వుకున్నాడు. నమాజు చదివే చోట నవ్వకూడదని మిగతావాళ్ళు దగ్గుతో సరిపెట్టుకున్నారు. బాస్లిమాన్ మాత్రం రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఆ వారంలోనే బల్హాజ్ తూముని సరిచేశాడు బాస్లిమాన్. బల్హాజ్ స్వయంగా నీళ్ళు మోసుకొచ్చి గచ్చు కలిపి అందించాడు. నాలుగు వేళ్ళ మేర రాయి పేర్చి, గచ్చు పూసి, కుడిచేత్తో గెల ఈడ్చాడు బాస్లిమాన్. నూహ్ పూసిన భాగాన్ని మాత్రం కొట్టెయ్యలేదు. రాయి దాన్ని కప్పెయ్యకుండా, పైన నీళ్ళు అందని చోట జానెడు మేర అలాగే వదిలాడు.

"దీన్ని కూడా మూసెయ్యి తమ్ముడూ, చూసినవాడల్లా అడుగుతాడు," అన్నాడు బల్హాజ్.

"అడగనీండి హాజీ గారూ."

"మీ నాన్న మంచి మనసుతోనే చేశాడు."

"మంచి మనసే. కొలత తప్పింది. రెండూ కనబడాలి," అన్నాడు బాస్లిమాన్.

తరవాత రెండు తోటల తూములూ ఆ ఒక్కసారికి రాళ్ళతో మూసేశారు. ఎక్కువ రోజులు ఎదురుచూడక్కర్లేకపోయింది. ఒక మధ్యాహ్నం ఎగువ కావలి నుంచి తుపాకీ పేలింది. దాని వెనక మరోటి, మరింత దగ్గరగా ఇంకోటి. ఏరు వస్తోంది! మిద్దెలన్నీ జనంతో నిండిపోయాయి. ఆడవాళ్ళు గొంతెత్తి లలలల అంటూ కూతలు వేశారు. ఎర్రటి నీళ్ళు దుంగల్నీ ముళ్ళకంపల్నీ దొర్లించుకుంటూ ప్రధాన కాలవలోకి తిరిగి, ఒక్కొక్క తూములోకీ దాని వాటా దానికి వదులుతూ వస్తున్నాయి. ఒక్క మనిషి కూడా ఏ తూము దగ్గరా లేడు, ఆ ఇద్దరు తప్ప. బాస్లిమానూ బల్హాజూ గట్టు మీద పక్కపక్కన నిలబడి, తమ తోటల ముందు నుంచి తమ నీళ్ళు వెళ్ళిపోవడం చూశారు. బాస్లిమాన్ చెట్లు ఆ వేసవికి సగం వాడిపోయి ఉన్నాయి. వాటి మొదళ్ళు పొడిగా ఉన్నాయి. అతని కళ్ళు మాత్రం పొడిగా లేవు. గర్వంతో ఛాతీ ఉప్పొంగిపోయింది. అంతకుముందు వేసవిలో రొమ్ము విరుచుకున్నాడే, అది కాదు ఇది.

దిగువ నుంచి హమ్మూ అరుపు వినిపించింది. మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నిలబడి, పైజామా తొడల దాకా ఎగ్గట్టి, చేతులు ఊపుతున్నాడు.

"ఒరేయ్ అమీనూ! చాల్రా బాబూ, చాలు! మీ నాన్న బాకీ తీరిపోయింది, ఇంక నా గొర్రెలు కొట్టుకుపోయేట్టున్నాయి!"

బల్హాజ్ పకపకా నవ్వాడు. నవ్వు ఆగాక, "బకీర్‌ని సెతీఫ్‌కి పంపు. వాటా ఇస్తాను," అన్నాడు.

"మీ దయ అయితే వద్దు హాజీ గారూ. జాలితో ఇచ్చినదాని సంగతి ఇప్పుడే కదా చూశాం."

"జాలా? నాకు కొట్టు ఉందయ్యా, నేను వర్తకుణ్ణి. వాళ్ళ నాన్న ఇవాళ ఇక్కడ నిలబడ్డాడని ఒహరాన్ దాకా తెలిసిపోతుంది. ఇక ఆ పిల్లవాడు నోటితో అడిగితే చాలు, సరుకివ్వనివాడెవడు? అది నా లాభం."

బకీర్ వెళ్ళాడు. చాలా ఏళ్ళు సెతీఫ్‌లో వ్యాపారం చేశాడు. అక్కడా ఇక్కడా నాలుగు కొట్లు పెట్టాడు, ఒక్క కాగితం ముక్క లేకుండా లక్షల దినార్ల సరుకు తిప్పాడు. బాస్లిమాన్ చివరిదాకా అమీనుగానే ఉన్నాడు, చివరిదాకా పెద్ద గొంతుతోనే ఉన్నాడు. పోయేముందు తోటలో అన్నిటికంటే బాగా కాసే చెట్టుని ఊరి పేర రాసిచ్చాడు. ఏటా దాని కాయలు శ్మశానం దగ్గర వచ్చినవాళ్ళందరికీ పంచుతారు. బాస్లిమాన్ పేరుతో కాదు, నూహ్ పేరుతో.

బకీర్ ఉత్తరం నుంచి తిరిగొచ్చాక మసీదు పెద్దలు అతన్నీ అమీనుగా ఎంచారు. ఇప్పుడు ముసలివాడయ్యాడు. కొత్త అమీనులు వచ్చినప్పుడల్లా మొదటి రోజు వాళ్ళని నేరుగా బల్హాజ్ వాళ్ళ తూము దగ్గరికి తీసుకెళ్తాడు. ఆ తూముకి అప్పటి నుంచీ ఎవరూ సున్నం వెయ్యలేదు. బకీర్ చేతికర్ర ఎత్తి, అటునుంచి ఇటు వాలిన చారల మీద ఆనిస్తాడు.

"ఇది మా తాత చెయ్యి," అంటాడు. కర్ర కిందికి జరిపి, ఇటునుంచి అటు వాలిన చారల మీద పెడతాడు. "ఇది మా నాన్న చెయ్యి."

అంత చెప్పి పక్కకి తప్పుకుని, కొలకర్ర వాళ్ళ చేతికిస్తాడు.

"ఊఁ, కొలవండి."